ఏథెన్స్‌లో ‘నే’ అంటే అవును, సోఫియాలో ‘కాదు’: ఎందుకిలా?

క్లుప్తంగా: గ్రీకులో ‘నే’ అంటే అవును. పక్కనే ఉన్న బల్గేరియాలో, దాని రాజధాని సోఫియాలో మాట్లాడే బల్గేరియన్‌లో ‘కాదు’. టర్కిష్‌లో ‘ఏమిటి’. ఇటాలియన్‌లో ‘అందులోంచి’. ఫిన్నిష్‌లో ‘అవి’. ఒకే మాటకు ఇన్ని అర్థాలు పుట్టాయని అనిపిస్తుంది కానీ జరిగింది అది కాదు. వేర్వేరు మాటలు వాడగా వాడగా అరిగి, ఒకే రూపానికి వచ్చి చేరాయి. ఒక్కో భాషలో ఆ అరుగుదల ఎలా సాగిందో ఈ వ్యాసం వివరిస్తుంది.

2015 జులై 5న గ్రీసులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అప్పులిచ్చినవాళ్లు పెట్టిన షరతులకు ఒప్పుకోవాలా వద్దా అన్నది ప్రశ్న. ప్రచారమంతా రెండే మాటల చుట్టూ తిరిగింది. ఒకటి ‘ఓహి’. రెండోది గ్రీకు పెద్దక్షరాల్లో రాస్తే అచ్చం ఇంగ్లిష్ ఎన్, ఏ, ఐ లాగే కనిపించే మాట. హైదరాబాదులో పెరిగినవాళ్లు ఆ పోస్టరు చూస్తే ‘నై’ అని చదువుకుని, వద్దంటున్నారు కాబోలు అనుకుంటారు. నిజానికి అది ‘అవును’ అనమని అడిగే పోస్టరు. పైగా గ్రీకులు దాన్ని ‘నై’ అని కాదు, ‘నే’ అని పలుకుతారు. అలా పలికితే ఉత్తరాన సరిహద్దు దాటిన బల్గేరియా వాళ్ల చెవికి అది మళ్లీ ‘కాదు’ అనే వినిపిస్తుంది. ఆ రోజు 61.31 శాతం ఓట్లతో గెలిచింది ‘ఓహి’. గ్రీకులో కాదు అనడానికి ఉన్న మాట అది.

రాతలో ఒకలా, మాటలో ఒకలా, పొరుగువాడి చెవిలో ఇంకోలా ఉండే ఈ చిన్న మాట భాషా చరిత్రకు మంచి నమూనా. ముందుగా ఒక చిన్న వివరణ. ఈ అచ్చు కొన్ని భాషల్లో తెలుగు ‘నె’కు, కొన్నిట్లో ‘నే’కు దగ్గరగా ఉంటుంది. ఫ్రెంచిలో అయితే ‘ను’కూ ‘నె’కూ మధ్యన నలుగుతుంది. పోల్చడానికి వీలుగా ఇక్కడ ఎక్కువ చోట్ల ‘నే’ అనే రాయడమైంది.

ఒకే బజారులో మూడు ‘నే’లు

ఈ తికమక ఎంత దగ్గర్లో జరగగలదో చూడాలంటే థెస్సలోనికి నగరం సరిపోతుంది. 1912లో గ్రీసు చేతికి వచ్చేదాకా అది ఒట్టోమన్ సామ్రాజ్యంలోని రేవుపట్టణం. స్పానిష్ నుంచి వచ్చిన లదీనో మాట్లాడే యూదులు, టర్కులు, గ్రీకులు, బల్గేరియన్లు అక్కడ ఒకే వీధుల్లో తిరిగేవారు. దుకాణదారు ధర చెప్పి ‘సరేనా?’ అని అడిగాడనుకోండి. గ్రీకు కొనుగోలుదారు ‘నే’ అంటే బేరం కుదిరినట్టు. బల్గేరియన్ ‘నే’ అంటే బేరం చెడినట్టు. టర్కు ‘నే?’ అంటే, ఏమన్నావు, మళ్లీ చెప్పు అని.

తల ఊపి తేల్చుకుందామన్నా కుదరదు. గ్రీకులు కాదు అనడానికి గడ్డం పైకెత్తి, నాలుకతో ‘చ్చ్’ అంటారు. టర్కీలోనూ, దక్షిణ ఇటలీలోనూ ఈ అలవాటుంది. బల్గేరియాలో అవును అనడానికి తల అడ్డంగా ఆడిస్తారు. ఇలాంటి తికమక తెలుగువాళ్లకు మరీ కొత్తగా తోచదు. మన దగ్గరా ‘ఊఁ’ అంటే అవును, ‘ఊహూఁ’ అంటే కాదు. తేడా అంతా మధ్యలో వచ్చే ఒక్క ‘హ’లో ఉంది. తెలియనివాడు ఈ రెంటినీ కలిపేసుకుంటే తప్పు వాడిది కాదు.

ఈ ప్రాంతానికి ఇంకో విశేషం ఉంది. బాల్కన్ భాషలు ఒకదానినుంచి ఒకటి చాలా తీసుకున్నాయి. భవిష్యత్తు చెప్పడానికి ‘కోరు’ అనే అర్థమున్న క్రియను వాడుకునే పద్ధతి గ్రీకు, బల్గేరియన్, అల్బేనియన్, రొమేనియన్ అన్నిట్లోనూ కనిపిస్తుంది. రొమేనియన్ అయితే అవును అనే మాటనే స్లావిక్ భాషల నుంచి తెచ్చుకుంది: ‘దా’. వ్యాకరణమే చేతులు మారిన చోట గ్రీకు ‘నే’, బల్గేరియన్ ‘నే’ మాత్రం వందల ఏళ్లు పక్కపక్కనే ఉండి ఎవరి అర్థం వాళ్లే పట్టుకున్నాయి. ఎందుకో తెలియాలంటే రెండింటి పుట్టుక చూడాలి.

కాదు అనే పాత ‘నే’

ఐరోపా భాషల్లో ఎక్కువ భాగం, సంస్కృతం, పర్షియన్‌తో కలిసి ఇండో యూరోపియన్ కుటుంబానికి చెందినవి. ఆ కుటుంబపు మూలభాషలో నిషేధానికి వాడిన మాట ‘నె’ అని భాషాశాస్త్రజ్ఞులు పునర్నిర్మించారు. సంస్కృతంలో అది ‘న’ అయింది. పర్షియన్‌లో ‘న’. లిథువేనియన్‌లో ‘నే’. బల్గేరియన్, సెర్బియన్, చెక్, స్లోవీన్ భాషల్లో ‘నే’. అంటే సోఫియాలో వినిపించే ‘నే’, మనం ‘నాస్తి’, ‘నపుంసకం’ లాంటి మాటల్లో పలికే ‘న’ అన్నదమ్ముల బిడ్డలు. ఉపనిషత్తుల్లోని ‘నేతి నేతి’ కూడా న, ఇతి కలిసినదే. అక్కడ చెవికి వినపడేది ‘నే’ అయినా అందులో ఏకారం సంధి వల్ల వచ్చింది. స్లావిక్ ‘నే’లోది మూలం నుంచీ ఉన్నది.

ఇంగ్లిష్‌లో ఈ పాత మాట ఒంటరిగా మిగల్లేదు కానీ వేరే మాటల్లో దాక్కుని ఉంది. నెవర్, నన్, నైదర్, నార్ వీటన్నిటి మొదట్లో ఉన్న ‘న’ అదే. ఎవర్‌కు ముందు ‘నె’ చేరితే నెవర్, ఒకటి అనే మాటకు ముందు చేరితే నన్.

ఆ చివరిదాని దగ్గర కాస్త ఆగాలి. ‘ఒక్కటి కూడా కాదు’ అనే ఈ కలయిక ఐరోపాలో ఎన్నిసార్లు పుట్టిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఇంగ్లిష్ ‘నన్’ అంటే ఒకటి కాదు. జర్మన్ ‘నైన్’ అంటే కూడా పుట్టుకతో ఒకటి కాదు. లాటిన్ ‘నోన్’ కూడా ‘నె’కు ఒకటి అనే మాట చేరి ఏర్పడిందే. కాదు అని చెప్పి ఊరుకుంటే చాలినట్టుండదు, నొక్కి చెప్పాలి. తెలుగులో ‘లేదు’ అనే మాట ఉన్నా ‘ఒక్కటీ లేదు’ అంటాం. అలా నొక్కి చెప్పిన మాటే రోజూ వాడగా వాడగా పదును పోయి మామూలు ‘కాదు’ అయిపోతుంది. అప్పుడు నొక్కడానికి మళ్లీ ఇంకో మాట కావాలి.

సంస్కృతం వైపు నుంచి ఒక సంగతి చెప్పుకోకుండా ముందుకు పోలేం. ఋగ్వేదంలో ‘న’ అనే ఆ ఒక్క అక్షరానికే రెండు అర్థాలున్నాయి: ‘కాదు’, ‘లాగా’. ఏది ఎప్పుడన్నది, వేదపదాల అర్థాలు వివరించిన యాస్కుడు తన నిరుక్తం అనే గ్రంథంలో తేల్చాడు. నిషేధమైతే తాను కాదనే మాటకు ముందు వస్తుంది, పోలిక అయితే పోల్చిన మాటకు తర్వాత వస్తుంది. ఇంత చిన్న మాటకు అర్థం దాని శబ్దంలో కాక, అది నిలబడిన చోటులో ఉందని యాస్కుడు అన్ని శతాబ్దాల కిందటే గమనించాడు. ఐరోపా ‘నే’లకు కూడా ఇంతకంటే మంచి తాళంచెవి దొరకదు.

గ్రీకు దారి వేరు

గ్రీకు కూడా అదే కుటుంబం. మరి అక్కడ ‘నే’ ఎలా తిరగబడింది? తిరగబడలేదు. గ్రీకు ‘నే’కూ ఈ పాత ‘నె’కూ చుట్టరికం లేదు.

ప్రాచీన గ్రీకు చాలా ముందే పాత నిషేధపదాన్ని పక్కన పెట్టి ‘ఊ’, ‘మే’ అనే రెండు మాటలతో పని నడుపుకుంది. కొన్ని సమాసాల మొదట్లో తప్ప పాతది మిగల్లేదు. ఇంకో పక్క ‘నై’ అనే వేరే మాట ఉండేది. నిజమే, తప్పకుండా అని బలంగా ఒప్పుకునేటప్పుడు వాడేవారు. ఆ రోజుల్లో దాన్ని రాసినట్టే ‘నై’ అని పలికేవారు. తర్వాత గ్రీకులో ‘ఐ’ అనే జంట అచ్చు కుదించుకుపోయి ‘ఎ’ అయింది. ఇది ఈ ఒక్క మాటకే జరిగింది కాదు, ఆ అచ్చు ఉన్న అన్ని మాటల్లోనూ జరిగింది. ఈజిప్టులో దొరికిన రోమన్ కాలపు గ్రీకు పపైరస్ పత్రాల్లో దీనికి రుజువులున్నాయి. చదువు అంతంతమాత్రంగా ఉన్న లేఖకులు ‘ఐ’ రాయాల్సిన చోట ‘ఎ’, ‘ఎ’ రాయాల్సిన చోట ‘ఐ’ రాశారు. రెండూ ఒకేలా వినిపిస్తే తప్ప ఇలాంటి తప్పులు పడవు. తెలుగులో ‘వైపు’ చాలా మంది నోట ‘వేపు’ అయిన తీరు గుర్తు చేసుకుంటే ‘నై’ ఎలా ‘నే’ అయిందో వేరే చెప్పనక్కర్లేదు.

రాత మాత్రం మారలేదు. 2015 నాటి పోస్టరు మీద కూడా పాత ‘నై’యే ఉంది. కంటికి పాత గ్రీకు, చెవికి కొత్త గ్రీకు.

ఇప్పుడు గ్రీకులో ‘నే’ అంటే అవును అని స్థిరపడటానికి అడ్డేమీ లేదు. ఎందుకంటే కాదు అనే పనికి ఆ శబ్దాన్ని గ్రీకు వాడుకోవడం లేదు, ఆ స్థలం ఖాళీగా ఉంది. ఆ పని ‘ఓహి’, ‘దెన్’ అనే రెండు మాటలు పంచుకున్నాయి. ‘దెన్’ కథ మరీ విచిత్రం. ప్రాచీన గ్రీకులో ‘ఊదెన్’ అంటే ‘ఒక్కటి కూడా కాదు’. అందులో కాదు అనే అర్థాన్ని మోసేది మొదటి ‘ఊ’. పలుకుబడిలో ఆ ‘ఊ’యే రాలిపోయింది. మిగిలిన ‘దెన్’కు అసలు అర్థం ‘ఒక్కటి కూడా’. అయినా నేటి గ్రీకులో అదే క్రియకు ముందు నిలబడి ‘లేదు, కాదు’ అని చెబుతోంది. మనిషి వెళ్లిపోయాక ఆ బరువు అతని కండువా మోస్తున్నట్టు.

కాదు అనే మాట మీద గ్రీకులకున్న మక్కువ వేరు. 1940 అక్టోబర్ 28న ఇటలీ ఇచ్చిన తుది హెచ్చరికను ప్రధాని మెటాక్సాస్ తిరస్కరించారు. ఆ రోజును ‘ఓహి’ రోజుగా నేటికీ జాతీయ సెలవుదినంగా జరుపుకుంటారు.

ఫ్రెంచిలో కరిగిపోతున్న ‘నె’

ఫ్రెంచి ‘నె’ వచ్చింది లాటిన్ ‘నోన్’ నుంచి. నొక్కి పలకని చోట ‘నోన్’ అరిగి ‘నె’ అయింది, నొక్కి పలికే చోట ‘నోఁ’గా మిగిలింది. అయితే అరిగిపోయిన ‘నె’ ఒక్కటీ వాక్యాన్ని కాదనడానికి సరిపోలేదు. దానికి తోడు చిన్న చిన్న వస్తువుల పేర్లు చేరాయి. నడిచే క్రియలకు ‘పా’, అంటే అడుగు. తినడానికి ‘మీ’, అంటే రొట్టె పొడి. తాగడానికి ‘గూత్’, అంటే చుక్క. మనం ‘అడుగు కదల్లేదు’, ‘మెతుకు ముట్టలేదు’, ‘చుక్క తాగలేదు’ అన్నట్టే.

తెలుగులో ఇవి ఇంకా ఎవరి క్రియ దగ్గర అవి ఉన్నాయి. ఫ్రెంచిలో ‘అడుగు’ మిగతా అన్నిటినీ తోసుకుని ముందుకొచ్చింది. నడకతో సంబంధం లేని క్రియలకూ అదే వచ్చింది. నాకు తెలియదు అనడానికి ‘జె నె సే పా’ అంటారు. మాటకు మాట చూస్తే ‘నాకు అడుగు తెలియదు’ అన్నట్టు. పుస్తకాల్లో రెండూ ఉంటాయి. రోజువారీ మాటల్లో ‘నె’ ఎగిరిపోయి ‘జె సే పా’ మిగిలింది, ఇంకా తొందరగా అంటే ‘షేపా’. అసలు నిషేధపదం పోయి, అడుగు అనే నామవాచకం నిషేధాన్ని మోస్తోంది. గ్రీకు ‘దెన్’కు జరిగినదే ఇక్కడా జరుగుతోంది, కాకపోతే ఇది మన కళ్ల ముందు.

డెన్మార్క్ భాషావేత్త ఓటో యెస్పర్సన్ 1917లో ఈ చక్రాన్ని వివరంగా చూపించాడు. నిషేధపదం బలహీనపడుతుంది, తోడు తెచ్చుకుంటుంది, తోడు అసలైనదవుతుంది, పాతది రాలిపోతుంది, మళ్లీ మొదలు. ఇంగ్లిష్ కూడా ఈ దారినే వచ్చింది. ఒకప్పుడు క్రియకు ముందు ‘నె’, తర్వాత వెనకాల ‘నాట్’ తోడు, ఆ తర్వాత ‘నాట్’ ఒక్కటే. ఆ నాట్ కూడా ‘ఏ వస్తువూ కాదు’ అనే పాత సమాసం అరిగి వచ్చిందే.

ఫ్రెంచి నేర్చుకునేవాళ్లకు అసలు టెన్షన్ పెట్టేది ఇంకోటి. భయపడటం లాంటి కొన్ని క్రియల తర్వాత ‘నె’ వస్తుంది, కానీ అక్కడ కాదు అనే అర్థమే ఉండదు. ‘అతను వస్తాడేమోనని భయంగా ఉంది’ అనే వాక్యంలో, వస్తాడు అనే క్రియ ముందు ‘నె’ పెడతారు. రాడని కాదు, వస్తాడనే అర్థం. తెలుగులో ‘రాకపోతాడా’ అంటే వస్తాడనే కదా. భయమూ అనుమానమూ ఉన్న చోట అవును, కాదు ఒకదాని పక్కకు ఒకటి జరుగుతాయి.

పేరు ఒకటే, మూలం వేరు

ఇటాలియన్ ‘నే’కు నిషేధంతో పనే లేదు. లాటిన్‌లో ‘అక్కడి నుంచి’ అనే అర్థమున్న ‘ఇందె’ ముందూ వెనకా అరిగి ‘నే’ అయింది. ‘నే వోల్యో దూఎ’ అంటే ‘వాటిలో రెండు కావాలి’. అదే ‘ఇందె’ ఫ్రెంచిలో ఇంకో పక్క నుంచి అరిగి ‘ఆఁ’ అయింది. ఇటాలియన్‌లో అచ్చు మీద చిన్న గీత పెట్టి రాసే ఇంకో ‘నే’ ఉంది, అది మాత్రం ‘ఇదీ కాదు, అదీ కాదు’ అనేటప్పుడు వచ్చేది. రొమేనియన్‌లో ‘నే’ అంటే ‘మమ్మల్ని’. లాటిన్‌లో మాట చివర ‘నె’ తగిలిస్తే ప్రశ్న అయ్యేది, తెలుగులో ‘వచ్చాడు’ చివర దీర్ఘం తీసి ‘వచ్చాడా’ అన్నట్టు.

జర్మన్‌లో వాడుక మాటల్లోనే మూడు ‘నే’లు తిరుగుతుంటాయి. ‘నైన్’ సాగి వచ్చిన ‘నే’ అంటే కాదు. వాక్యం చివర వచ్చే ‘నే?’ అంటే ‘కదా?’. ‘ఒక’ అనే అర్థమున్న ‘ఐనె’ తల తెగి మిగిలిన ‘నె’ ఇంకోటి, ఒక కప్పు కాఫీ అడిగేటప్పుడు వినిపించేది అదే. జర్మనీకి చదువుకి వెళ్లిన తెలుగు పిల్లలకు క్లాసులో చెప్పిన జర్మన్‌కూ, బేకరీలో వినిపించే జర్మన్‌కూ పొంతన కుదరనిది ఇలాంటి చోట్లే.

కుటుంబమే వేరైన చోట

టర్కిష్, ఫిన్నిష్, హంగేరియన్ ఇండో యూరోపియన్ భాషలు కావు. టర్కిష్‌లో ‘నే’ అంటే ‘ఏమిటి’. కలిసినప్పుడు ‘నే వార్, నే యోక్’ అని పలకరించుకుంటారు. మాటకు మాట ‘ఏముంది, ఏం లేదు’. మన ‘ఏంటి సంగతులు’ లాంటిదే. కానీ టర్కిష్‌లోనే ‘నే చాయ్, నే కహ్వే’ అంటే ‘టీ కాదు, కాఫీ కాదు’. ఈ రెండో ‘నే’ పర్షియన్ నుంచి వచ్చింది, అంటే మన సంస్కృత ‘న’కు చుట్టం. సొంత కూతురూ, కోడలూ ఒకే పేరుతో ఉన్న ఇల్లు అది.

హంగేరియన్‌లో ‘నెమ్’ అంటే కాదు, లేదు. ‘నే’ అంటే వద్దు. ఇంగ్లిష్‌లో వెతుక్కోవాల్సిన ఈ తేడా కాదు, లేదు, వద్దు మూడూ వేరుగా ఉన్న తెలుగు వాళ్లకు ఒక్కసారి చెబితే చాలు.

ఫిన్నిష్ ‘నే’ అంటే అవి. మాట్లాడే భాషలో మనుషుల్ని కూడా ‘నే’ అనేస్తారు. మరి కాదు అనడానికి? ఫిన్నిష్‌లో నిషేధం ఒక క్రియ. నేను అయితే ‘ఎన్’, నువ్వు అయితే ‘ఎత్’, అతను లేదా ఆమె అయితే ‘ఎయి’ అని మారుతుంది. ఐరోపాలో చాలామందికి వింతగా తోచే ఈ పద్ధతి ‘నేను కాను, నువ్వు కావు, అతను కాడు’ అనే తెలుగువాళ్లకు ఇంట్లో ఉన్నదే.

చిన్న మాటలకే ఎందుకిలా?

రెండు కారణాలు కలిసి పనిచేస్తాయి. ఎక్కువగా వాడే మాటలు పొట్టివై ఉంటాయని అమెరికన్ పరిశోధకుడు జార్జ్ జిఫ్ 1930లలో లెక్కలతో చూపించాడు. అవును, కాదు, ఏమిటి, అది, మేము లాంటివి రోజూ వందల సార్లు నోట్లోకి వచ్చేవి. అవి అరగకుండా ఉండలేవు. రెండోది, అరిగాక మిగిలే శబ్దాలు అన్ని భాషల్లోనూ దాదాపు అవే. ‘న’ పలకని భాషలు చాలా అరుదు. ఒక హల్లు, ఒక అచ్చు మాత్రమే మిగిలే చోట ఢీకొనడం మామూలు. నాలుగైదు అక్షరాల మాట రెండు భాషల్లో ఒకేలా ఉంటే అప్పు తెచ్చుకున్నారేమో, బంధుత్వముందేమో అని చూడాలి. రెండు శబ్దాల మాట కలిస్తే ముందు కాకతాళీయమనే అనుకోవాలి. కొరియన్ సీరియళ్లు చూసేవాళ్లకు తెలుసు, అక్కడా ‘నే’ అంటే అవునే. దానికీ గ్రీకుకూ ఏ సంబంధమూ లేదు.

‘నో’ సంగతీ ఇంతే. ఇంగ్లిష్‌లో ‘కాదు’. పోలిష్‌లో మాటల మధ్య ‘ఆఁ, అవును’. చెక్‌లో అవును అనే ‘అనో’ ముందు భాగం ఊడి ‘నో’ అయింది. లాట్వియన్‌లో ‘నుంచి’. పోర్చుగీసులో ‘ఎమ్’, ‘ఓ’ కలిసి ‘నో’ అయితే ‘లో’. ప్రాగ్‌లో ఫోన్ మాట్లాడుతున్న మనిషి ‘నో, నో, నో’ అంటుంటే అవతలివాళ్లు చెప్పినదానికల్లా సరే అంటున్నట్టే.

తికమక ఎక్కడ నష్టం చేస్తుంది

ఒకే భాషలో ఉన్నంతసేపు ఎవరికీ ఇబ్బంది రాదు. ముందూ వెనకా ఉన్న మాటలు, స్వరం, ముఖం అన్నీ సాయపడతాయి. చిక్కు వచ్చేది రెండు భాషలు కలిసే చోట, అదీ జవాబు ఒక్క మాటే అయినప్పుడు. 1960లో పశ్చిమ జర్మనీ, గ్రీసు మధ్య కార్మికుల ఒప్పందం కుదిరాక వేలాది గ్రీకులు జర్మన్ ఫ్యాక్టరీలకు వెళ్లారు. అర్థమైందా అని అడిగిన జర్మన్ సూపర్‌వైజర్‌కు గ్రీకు కార్మికుడు ‘నే’ అంటే, ఆ చెవికి ‘కాలేదు’ అనే వినిపించగలదు. ఇద్దరూ సరిగ్గానే మాట్లాడినట్టు, ఇద్దరూ సరిగ్గానే విన్నట్టు.

మాటను విని అనువదించే సాఫ్ట్‌వేర్‌కూ ఇదే సమస్య. పొడుగు వాక్యం ఏ భాషదో యంత్రం తేలిగ్గా పట్టేస్తుంది. ఒక్క ‘నే’ విని అది గ్రీకా, చెక్కా, టర్కిషా అని చెప్పడానికి దానిలో సరిపడా ఆధారం ఉండదు. అందుకే ఇలాంటి చోట భాషను ముందే ఎంచుకోమని అడగడం మేలు.

ప్రాణాల మీదికి వచ్చే చోట మనుషులు చిన్న మాటనే వదిలేశారు. విమానాల రేడియో సంభాషణకు ఉన్న అంతర్జాతీయ పదజాలంలో యెస్, నో లేవు. కాదు అనడానికి ‘నెగెటివ్’. అవును అనడానికి ఒకప్పుడు ‘అఫర్మేటివ్’ అనేవారు. గరగరలాడే రేడియోలో రెంటి తోకలూ ఒకేలా వినిపించి, మొదటి భాగం వినపడకపోతే అవును కాస్తా కాదయ్యే ప్రమాదం ఉంది. అందుకని ఇప్పుడు ఆ తోక కోసేశారు. పైలట్లు ‘అఫర్మ్’ అని ఆపేస్తారు.